కూత లేని పెరడు

చచ్చిన పుంజును కాళ్ళు పట్టుకుని తెచ్చి గోడ మీద పడేసింది వరమ్మ.

"చూడు. కడుపు నిండేదాకా చూడు. నువ్వు కోరుకున్యట్లే ఆయ."

గోడకు అవతల అంట్లు తోముతున్న మైమూన్ బూడిద చేతులతోనే లేచి నిలబడింది. ఎర్రపుంజు మెడ ఆమె వైపుకు వేలాడుతోంది. ముక్కు చుట్టూ నురగ ఎండి తెల్లగా పొరకట్టింది.

"ఏందక్కా ఇది?"

"నన్నడుగుతావా? పుంజొకటే కాదు. బొల్లిపెట్ట పాయ, నల్లది పాయ, కొత్తగా గుడ్డుకొచ్చినవి పాయ. పొద్దన్నే గూటి బండ తీస్తే ఒకదాని మీద ఒకటి పడి ఉండాయి. నూకల్లో మందు కలిపి పెట్టినావు గదా. నీకు చేతులెట్లొచ్చె?"

"నేను పెట్టలా."

"నువ్వు గాకుంటే గాలొచ్చి పెట్టెనా?"

వరమ్మ ఇల్లు పైవీధిలో, మైమూన్ ఇల్లు కిందివీధిలో. వాకిళ్ళు అటొకటి ఇటొకటి చూస్తాయిగానీ, పెరళ్ళు రెండూ ఈ గోడ దగ్గర కలుస్తాయి. జమ్మలమడుగు బస్సు దిగిన కొత్త మనిషికి ఊరు ఒకటిగానే కనిపిస్తుంది. ఊళ్ళోవాళ్ళకు మాత్రం పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకో పార్టీ. పెళ్ళికి పిలవడం, చావుకు పోవడం కూడా ఆ లెక్కనే నడుస్తున్నాయి.

కోళ్ళకు ఆ సంగతి తెలియదు. గోడ నడుమ కూలిన సందులోంచి ఇటువి అటు, అటువి ఇటు తిరిగేవి. వరమ్మ పెట్ట పోయి మైమూన్ గడ్డివాములో గుడ్డు పెట్టినా, మైమూన్ పెట్ట వచ్చి వరమ్మ కట్టెల చాటున పొదిగినా, ఇది నాదని ఇద్దరిలో ఎవరూ అన్నది లేదు. పోయిన నెల కొక్కెర తెగులు వచ్చింది. మైమూన్ కోళ్ళన్నీ మెడలు వంకరపోయి చచ్చాయి. వరమ్మవి బతికాయి. కొళాయి దగ్గర నలుగురిలో మైమూన్ నోరు జారింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మళ్ళీ మాట కలిసింది ఈ పొద్దే, ఇట్లా.

"కొళాయి కాడ నువ్వు అన్యది మరిచిపోయినావా?" వరమ్మ అరచేత్తో గోడ మీద చరిచింది. "వరమ్మ కోళ్ళు మాత్రం ఎన్నాళ్ళు తిరుగుతాయిలే అన్యావు. అందరూ విన్యారు."

"అన్యా. కడుపుమంటతో అన్యా. నోరు అనె, చెయ్యి చెయ్యలా."

"నీ చెయ్యి చెయ్యకుంటే నీ మొగుడి చెయ్యి చేసింటాది. మనుసులను సంపిచ్చినోళ్ళకు కోళ్ళొక లెక్కనా?"

మైమూన్ ముఖం పాలిపోయింది.

అది ఆనందయ్యను గురించిన మాట. ఆనందయ్య వరమ్మ భర్త పాలయ్యకు చిన్నాయన కొడుకు, పైవీధి పార్టీలో ముందుండి నడిచిన మనిషి. పోయినేడు పంచాయతీ ఎన్నికలప్పుడు అతన్ని జమ్మలమడుగు బస్టాండులో పట్టపగలు నరికి చంపారు. మైమూన్ భర్త సలీం దర్జీ అంగడి ఆ బస్టాండుకు ఎదురుగానే ఉంది. ఆనందయ్య బస్సు దిగిన సంగతి చేరవేసింది సలీమేనని పైవీధి నమ్మకం. కేసులో సలీం పేరు లేదు. పైవీధి నోళ్ళలో మాత్రం అదే పేరు.

"ఆ మాట ఇంకోతూరి అనొద్దక్కా," అంది మైమూన్. గొంతు బాగా తగ్గింది. "కోడి మాట మాట్లాడు. మనిషి మాట ఎత్తొద్దు."

"ఎత్తితే ఏం చేస్తావు? నాకూ నూకలు పెడతావా?"

గొడవ విని మైమూన్ అత్త ఖమ్రున్నీసా పెరట్లోకి వచ్చింది. కోడలిని పక్కకు జరిపి ముందు పుంజును చూసింది, తర్వాత వరమ్మను చూసింది.

"ఏం వరమ్మా, రాత్తిరి గూటికి బండ పెట్టింది ఎవురు?"

"మా ఇంటాయన."

"పొద్దన తీసింది?"

"నేను."

"ఐతే మేము గోడ దాటొచ్చి, బండ తీసి, మేతేసి, అవి తినేదాకా కూర్చోని, మళ్ళా బండ పెట్టి పోయినామా? అంతసేపు నీ పుంజు గమ్మునుండెనా? పిల్లి నడిచిపోతే వీధంతా లేపేది గదమ్మా అది."

ఆ మాటకు వరమ్మ కోపం ఇంకా పెరిగింది.

"మా కొంపకు పెట్టిన మందు మీ కొంపకు తగలకపోదు. నా కోళ్ళు పడినట్లే మీ ఇంట్లోనూ పడాల."

ముసలామె నోరు తెరిచింది. మైమూన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. పుంజును బూడిద చేత్తో ఇవతలికి తోసింది. అది వరమ్మ కాళ్ళ దగ్గర పడింది.

"నీ పుంజును నువ్వు తీసుకుపో. ఇంక ఈ గోడ కాడికి రావొద్దు."

*

పెరటి మూలన పాలయ్య గుంత తవ్వుతున్నాడు. గోడ దగ్గర పెళ్ళాం అంతగా అరిచినా అతను తల తిప్పలేదు. పార వదల్లేదు.

వరమ్మ కోళ్ళను ఒక్కొక్కటిగా మోసుకొచ్చి గుంత పక్కన పెట్టింది. నల్లపెట్ట రెక్క విప్పుకుని ఉంటే సర్ది మూసింది. ఆమె సంగటికి కూర్చుంటే ఆ పెట్ట వచ్చి తొడ పక్కన నిలబడేది. ముద్ద విరిచి పెట్టకపోతే చీర కొంగు పొడిచేది. కూతురు పెళ్ళయి పులివెందులకు పోయినాక ఆ ఇంట్లో పొద్దస్తమానం వరమ్మ మాటలు విన్నది ఆ కోళ్ళే. పాలయ్య గనిలో రాయి కొట్టి చీకటి పడ్డాక వచ్చేవాడు. వచ్చినా పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

ఐనా ఈ పొద్దు అతని మౌనం వేరుగా ఉంది. మొన్నటి వానాకాలం ముంగిస వచ్చి కోడిపిల్లల్ని ఎత్తుకుపోతే, కట్టె పట్టుకుని పొదలన్నీ బాదినవాడు ఇతనే.

"నువ్వొక మాట అనవేం?"

"ఏమనాల?"

"పోయి సలీంను అడుగు. లేదంటే పెద్దాయనకు చెప్పు, కిందివీధోళ్ళు మా గూట్లో మందు పెట్టినారని."

పైవీధి పార్టీ నాయకుణ్ణి ఆ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. పెద్దాయన అంటే చాలు.

"కోళ్ళ కోసం పెద్దాయన కాడికి పోతారా ఎవురన్నా."

"గెడ్డపార ఎవురో ఎత్తుకపోతే పోతివే, ఆయన కాడికి."

పాలయ్య పుంజును గుంతలోకి జార్చి దాని మీద మన్ను లాగాడు.

"ఇంకొంచెం లోతు తియ్యి. కుక్కలు తోడతాయి."

"చాల్లే."

వాకిట్లో మోటారుసైకిల్ ఆగిన చప్పుడైంది. పాలయ్య తమ్ముడు ఎలీషా ఇంట్లోంచి నడుచుకుంటూ పెరట్లోకి వచ్చాడు. వరమ్మ కాపురానికి వచ్చేనాటికి అతనికి సరిగా నడక రాదు. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకుని తిరిగింది వరమ్మ. ఇప్పుడు చిలమకూరు దారిలో టిప్పరు తోలుతాడు. తోలని పొద్దంతా పెద్దాయన జీపులో ఉంటాడు.

"పోయినాయంట గదా వదినా."

ఎట్లా పోయాయని అడగలేదు.

"పోనీలే. ఎమ్మెల్యే ఎన్నికలు కానీ, ప్రొద్దుటూరు పోయి జతలు జతలు తెచ్చిస్తా."

"తెచ్చేది కాదురా. ఆ మైమూను..."

"ఆమెతో నీకేం పని? గొడవ పెట్టుకోవాకు. ఈ రెండు పొద్దులు ఆ గోడ తట్టే పోవాకు."

వరమ్మ అతని ముఖంలోకి చూసింది. కిందివీధి కుక్క మొరిగిందన్నా రాయెత్తుకునే మనిషి, గొడవ వద్దంటున్నాడు.

అప్పుడే వంటింట్లోంచి కోడి కురకురమంది. ఎలీషా చటుక్కున అటు తిరిగాడు.

"ఇంకొకటి ఉండాదా?"

పాలయ్య పార ఆగిపోయింది.

"పొదిగే పెట్ట," అంది వరమ్మ. "పొయ్యి పక్కన గంప కింద ఉండాది. గూట్లో లేదు గాబట్టి బతికె."

ఎలీషా అన్న వైపు చూశాడు. పాలయ్య నేల చూశాడు.

"రాత్తిరిపూట అరుస్తాదా అది?"

అడిగాక ఆ మాట అడగకూడనిదని ఎలీషాకే తెలిసింది. జేబులో తాళం చెవి కోసం తడుముకున్నాడు.

"అరిస్తే నీకేం?" అంది వరమ్మ.

"ఊరికే అడిగినా. మాపున వస్తా. సంగటి చేసిపెట్టు."

వచ్చినంత తొందరగా వెళ్ళిపోయాడు. మోటారుసైకిల్ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కదల్లేదు.

*

వరమ్మ గుంత పక్కనే కూర్చుంది.

"ఆ ముసలామె చెప్పింది నిజమే," అంది. "కొత్త మనిషి బండ తీస్తే మన పుంజు గమ్మునుండదు."

పాలయ్య గుంత మీది మన్ను కాలితో తొక్కుతున్నాడు.

"మందు యాడిది?"

"ఏ మందు?"

"నా కోళ్ళకు పెట్టింది."

అతను తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాడు.

"శనక్కాయ చేనికి కొట్టేది."

"ఎవురు పెట్టిరి?"

"వాడు తెచ్చె."

"తెచ్చింది కాదు. పెట్టింది ఎవురని అడిగినా."

"నేనే." పాలయ్య తొట్టిలోకి చూస్తూనే చెప్పాడు. "వాడే పెడతానన్యాడు. వాడు పోతే అరుస్తాయని నేను పోయినా. నా చేతి మేతకు అలవాటు పడినాయి గదా. అరవకుండా తినినాయి."

నిన్న సాయంత్రం వరమ్మ సంతోషమ్మ ఇంట్లో ప్రార్థనకు పోతుంటే, గూటి బండ నేను పెడతాలే, నిదానంగా రా, అన్నాడు. ఎన్నడూ లేనిది అట్లా అన్నందుకు ఆమె దారి పొడవునా సంతోషపడింది.

ఇప్పుడు ఏడుపు రాలేదు.

"ఎందుకు?"

పాలయ్య తొట్టి అంచు తుడుస్తున్నాడు.

"నన్ను పొద్దన్నే ఆ గోడ కాడ కుక్క మాదిరి మొరగనిస్తివి. ఆ ఆడమనిషిని నేను అనరాని మాటలంటే వింటా గుంత తవ్వుకుంటివి. ఎందుకో చెప్పు."

"కిందివీధిలో ముందు తట్టు వాళ్ళ మనుసులు కాపలా ఉండారు. ఆ తట్టునుంచి పోను కాదు." పాలయ్య ఒక్కో మాటను లోపల్నుంచి పెరికినట్టు బయటికి తెచ్చాడు. "మన పెరట్లోనుంచి పోతే గోడొకటే అడ్డం. ఆయమ్మ కోళ్ళు తెగులుకు పాయ. ఇంక మనవే ఉండె."

"ఎవురి కోసం?"

"నీకు తెలీదా."

"నీ నోటితో చెప్పు."

"సలీం. తెల్లారుజామున నమాజుకు లేసి పెరట్లోకి నీళ్ళకు వస్తాడు గదా. ఈ రాత్తిరి పెద్దాయన మనుసులు వచ్చి మన కొట్టంలో కూర్చుంటారు. ఎన్నికల్లో వాళ్ళ పార్టీ తట్టు పోలింగు బూతులో కూర్చునేది సలీమే. ఆనందయ్య లెక్క కూడా తీరుతాదన్యాడు పెద్దాయన."

"ముందు పోయేది ఎవురు?"

పాలయ్య మొహం తుడుచుకున్నాడు.

"ఎలీషానే. ఈ పెరడు వాడికి తెలుసు గదా."

గంప కింద పెట్ట మళ్ళీ కురకురమంది. వరమ్మ అటే చూస్తోంది. పాలయ్యకు ఆమె తిట్టినా బాగుండుననిపించింది.

"నువ్వు వద్దనలేదా?"

"అన్యా."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"ఒకసారి," అంది వరమ్మ.

"వాడు పోనంటే వాణ్ణే ఉంచరు. నీకు తెలీదు ఆ సంగతులు. కోళ్ళు పోతే పోయినాయి, మనం కండ్లు మూసుకుంటే..."

"మూసుకో," అని లేచింది వరమ్మ. "నువ్వు మూసుకో."

*

ఎండ నడినెత్తికి ఎక్కాక, వీధులు రెండూ తలుపులు వేసుకున్న వేళ చూసి, గోడ సందులోంచి అవతలికి అడుగుపెట్టింది వరమ్మ. ఎన్నో ఏళ్ళుగా కోళ్ళ వెంట దాటిన సందే. ఈ పొద్దు గోడ పట్టుకుని దాటింది.

మైమూన్ పెరటి తలుపు సగమే తీసింది.

"ఇంకేం తిట్టేది మిగిలిందని వచ్చినావు?"

"నువ్వు తిట్టు. చెప్పు తీసుకోని కొట్టు. నేను చెప్పేది ఒక్కటి విను."

"విన్యాలే పొద్దన. కడుపు నిండా విన్యా. నా ఇంట్లో పీనుగులు లేయాలంటివి."

"ఈ రాత్తిరి సలీంను ఇంట్లో ఉంచొద్దు. యాడికన్నా పంపించు. చీకటి పడకముందే పంపించు."

మైమూన్ తలుపు మీది చెయ్యి తీయలేదు. కళ్ళు మాత్రం చిన్నవయ్యాయి.

"పొద్దనేమో మందు పెట్టినానని అరిచిపోతివి. ఇప్పుడు నా మొగుని మీద ప్రేమ పుట్టెనా? ఇంట్లో ఉంటే మీవాళ్ళు రాలేరు. బయటికి పంపితే రోడ్డు మీద కాచుకోనుంటారు. అంతేనా? నిన్నెవురు పంపినారు, చెప్పు."

"ఎవురూ పంపలా."

"పో అక్కా. నీ మీద ఇంకా మర్యాద ఉండంగానే పో."

తలుపు మూసుకుంటుంటే వరమ్మ మధ్యలో చెయ్యి పెట్టింది. చెక్క వేళ్ళ మీద పడింది. ఆమె చెయ్యి తీయలేదు.

"నా కోళ్ళను సంపింది మా ఇంటాయన," అంది. "తన చేత్తోనే మేతలో కలిపి పెట్టినాడు. మా పెరట్లో ఎవురన్నా నడిస్తే అరవకూడదని. నేను నిన్ను అన్యవన్నీ వట్టి మాటలు. చాలునా?"

లోపల మంచం మీంచి ఖమ్రున్నీసా గొంతు వినబడింది.

"తలుపు తియ్యి. ఇప్పుడు నిజం మాట్లాడింది."

వరమ్మ గడప లోపలికి వచ్చి నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. సలీం మెడలో టేపు వేలాడుతుండగా ముందుగదిలోంచి వచ్చాడు. ఎన్నికలని అంగడి మూసి ఇంట్లోనే కుడుతున్నాడు; అతని వెనక మిషను మీద పార్టీ జెండా గుడ్డ సగం కుట్టి ఉంది. అంతా విన్నాడని అతని మొహమే చెబుతోంది.

"ఎవురు వస్తాండారక్కా?"

వరమ్మ తల వంచుకుంది.

"ఎలీషా ఉంటాడా వాళ్ళల్లో?"

ఆమె కాదనలేదు. అవుననలేదు.

"చిన్నప్పుడు వానికి పండక్కి నిక్కర్లు కుట్టిచ్చినా," అన్నాడు సలీం. అతని గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది. "నేను యాడికీ పోను. పోతే ఆనందయ్యను పట్టిచ్చినానని ఒప్పుకున్యట్లు. మావాళ్ళకు చెప్తా. వాళ్ళు ఆ తట్టు కూర్చుంటే మేము ఈ తట్టు కూర్చుంటాం. గోడ ఎవురు దాటుతారో చూద్దాం."

వరమ్మ తలెత్తింది.

"నేను దానికి రాలా. పారిపొమ్మని చెప్పను వచ్చినా."

"పారిపోను వాకిలి యాడుండాది చెప్పు. ముందు తట్టు వీధి, వెనక తట్టు నీ పెరడు."

"అట్లైతే మావాడు చస్తాడు."

"రాకుంటే చావడు," అంది మైమూన్.

పొద్దుటి నుంచి మైమూన్ కంట్లో నీళ్ళు లేవు. ఇప్పుడూ లేవు. వరమ్మ దగ్గరికి వచ్చి, తలుపు పడి కమిలిన ఆమె వేళ్ళ వైపు చూసి, ముట్టుకోకుండానే అంది:

"నా మొగుడు బతకాలని చెప్పను వచ్చినావు. ఆ మేలు మరిచిపోను. నీ బిడ్డ బతకాలంటే పోయి వానికి చెప్పుకో. వాళ్ళు వస్తే మాత్రం నేను మావాళ్ళను ఆపను. నువ్వు మీవాళ్ళను ఆపలేదు గదా."

*

పొద్దు గూకేవేళకు ఎలీషా వచ్చాడు. కొత్త టవలు భుజాన వేసుకుని ఉన్నాడు. పీట వాల్చుకుని కూర్చున్నాడు. వరమ్మ సంగటి ముద్ద వేసి, గుంత చేసి పప్పు పోసింది. పాలయ్య వసారాలో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. తిండి వద్దన్నాడు.

రెండు మూడు ముద్దలు తిన్నాక వరమ్మ చెప్పింది.

"పోవాకు. వాళ్ళకు తెలుసు."

ఎలీషా చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఎవురు చెప్పినారు?"

"నేనే," అన్నాడు పాలయ్య వసారాలోంచి. లేచి గడప దగ్గరికి వచ్చాడు. "నేనే చెప్పినా, తాగి..."

"నువ్వు చెప్పవు అన్నా," అన్నాడు ఎలీషా అతని వైపు చూడకుండానే. "నీకంత ధైర్యం లేదు."

పాలయ్య అక్కడే నిలబడిపోయాడు.

"నేను చెప్పినా," అంది వరమ్మ. "మైమూన్ ఇంటికి పోయి, నా నోటితో చెప్పినా. సలీం ఊరిడిసి పోతాడనుకున్యా. పోడంట. వాళ్ళ మనుసులు గోడకు ఆ తట్టు కూర్చుంటారు. నువ్వు కాలు పెడితే నరుకుతారు."

ఎలీషా అరుస్తాడనుకుంది. కంచం విసిరేస్తాడనుకుంది. అతను కంచంలోని పప్పును వేలితో గీస్తూ ఉండిపోయాడు.

"ముద్దలు పెట్టి పెంచితివి," అన్నాడు చివరికి. "నువ్వే మెడ కోస్తివి."

"నీ మెడ మీదికి కత్తి తెచ్చింది నేనా? ఆ ముసలామె నీకు ఏం అన్యాయం చేసింది? ఆ మైమూన్ ఏం చేసింది? తెల్లారి నీళ్ళకొచ్చే మనిషిని ఎనకనుంచి నరికితే ఆనందయ్య లేచొస్తాడా?"

"అవన్నీ నాకు చెప్పొద్దు. నా సంగతి విను." అతను మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు. "ఇప్పుడు నన్ను ఎక్కించుకోను జీపు వస్తాది. మాట బయటపడిందని నేను చెప్తే పెద్దాయన ఆపుతాడు. ఆపినాక అడుగుతాడు, ఎవురు బయటపెట్టినారని. నేను పేరు చెప్పాల. చెప్పినాక నిన్ను ఈ వీధిలో బతకనిస్తారా? చెప్పకుండా వాళ్ళతో వస్తే, గోడ కాడ కిందివీధోళ్ళు నన్ను ఉంచరు. రెండిట్లో ఏది చెయ్యమంటావు?"

"మైదుకూరు పో. లక్ష్మమ్మత్త ఇంటికి. సైకిల్‌మోటారు ఎక్కి ఇప్పుడే పో."

"పోతా. నేను లేకుంటే ముందు పొమ్మని ఎవుర్ని నిలబెడతారు? ఈ పెరడు ఎవురిది?"

గడపలో నిలబడిన పాలయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. వాటిని వెనక్కి పెట్టుకున్నాడు.

వరమ్మ మధ్యాహ్నం గోడ దాటేటప్పుడు ఒక ప్రాణం కాపాడుతున్నాననుకుంది. ఇప్పుడు ఆ ప్రాణానికి బదులు ఇంకో ప్రాణం, దానికి బదులు మరొకటి. ఈసారి ఏది పోయినా తన ఇంట్లోదే.

"వాళ్ళకు చెప్పేముందు నాకన్నా ఒక మాట చెప్పింటే," అన్నాడు ఎలీషా. ఆ మాటలో చిన్నప్పటి గొంతు వినబడింది.

"నువ్వు నాకు చెప్పినావా? నా గూట్లో మందు పెట్టిచ్చేముందు చెప్పినావా?"

అతను మిగిలిన సంగటి తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. టవలుతో తుడుచుకుంటుండగా వీధిలో జీపు వచ్చి ఆగింది. హారను మోగించలేదు. ఇంజను అట్లానే ఆడుతోంది.

ఎలీషా వాకిలి దిగి పోయాడు. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఎదురింటివాళ్ళు జీపును చూసి అరుగు మీంచి లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. జీపు ముందుసీట్లో పెద్దాయన బావమరిది కూర్చుని ఉన్నాడు. వెనక గోనెసంచుల మీద కాళ్ళు పెట్టుకుని ఇంకొంతమంది ఉన్నారు.

"ఏంరా ఎలీషా, పెరట్లో దారి సాఫైనాదా?"

"అయింది."

"కోళ్ళు?"

"లేవు."

"అంతా అనుకున్యట్లే గదా? ఏమన్నా మారిందా?"

వరమ్మ తలుపు చాటున నిలబడి ఎలీషా వీపును చూస్తోంది. అతను ఒక క్షణం ఆగాడు. ఇంటి వైపు తిరగబోయి, తిరగలేదు.

"ఏం మారలేదప్పా," అన్నాడు. జీపు కమ్మీ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టాడు.

అతను వదిన పేరు చెప్పలేదు. చెప్పకుండా ఎక్కుతున్నాడు.

వరమ్మ కొంగును వెనక నుంచి పాలయ్య పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ఒక్క గుంజు గుంజి విడిపించుకుని గడప దాటింది.

"మారింది," అంది.

జీపులోని తలలన్నీ ఇటు తిరిగాయి. పెద్దాయన బావమరిది చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. వీధి నిశ్శబ్దమైంది.

"లోపలికి పో వదినా," అన్నాడు ఎలీషా, పళ్ళ బిగువున.

ఆమె పోలేదు. ఎలీషా దాచిన పేరు తానే చెప్పాలని మెట్టు దిగి వీధిలోకి వచ్చి, జీపుకు ఎదురుగా నిలబడింది.

"ఏం మారిందమ్మా?" అని అడిగాడు ముందుసీట్లోని మనిషి, నెమ్మదిగా, జీపు దిగుతూ.